బ్రతికున్న చేప సాక్ష్యం కూడా వినాలి



కర్మాగారాలు నదిలోకి వదిలే నీటికి మన దేశంలో ఉన్న ప్రమాణాల్లో ఒకటి చేపతో ముడిపడి ఉంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం, శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని మంచినీళ్లు కలపకుండా తొట్టిలో పోసి అందులో చేపలను వదలాలి. 96 గంటల తర్వాత నూటికి 90 చేపలు బతికి ఉంటే ఆ నీరు పరీక్షలో నెగ్గినట్టే.

96 గంటలంటే నాలుగు రోజులు. నదిలో చేప ఏళ్ల తరబడి బతకాలి. మేత వెతుక్కోవాలి, పెరగాలి, రోగాన్ని తట్టుకోవాలి, కాలం వచ్చినప్పుడు గుడ్లు పెట్టాలి, ఆ గుడ్లు పిల్లలు కావాలి. ఒక మనిషిని ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచి, ఊపిరి ఆడుతోంది కాబట్టి పూర్తి ఆరోగ్యంతో ఉన్నాడని కాగితం రాసిస్తే మనం ఒప్పుకుంటామా? చావలేదు అనడానికీ, బాగున్నాడు అనడానికీ మధ్య ఎంత దూరం ఉందో రోగి మంచం పక్కన కూర్చున్న ప్రతి ఇంటికీ తెలుసు. చేప విషయంలో మన చట్టం ఆ దూరాన్ని ఇంకా దాటలేదు.

అందుకే ఈ సంచికలో ఒక్క మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. పరిశ్రమల నీళ్లు కలిసే ప్రతి నదిలో, అక్కడే పుట్టి పెరిగే చేపల ఆరోగ్యాన్ని క్రమం తప్పకుండా పరీక్షించాలి. ఫలితాలను ఒడ్డున ఉన్న జనానికి వాళ్ల భాషలో చెప్పాలి. ఇది దయతో చేసే పని కాదు, కాలుష్య నియంత్రణ మండళ్ల బాధ్యత కావాలి.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. చేపలు చచ్చి తేలాకే అధికారులు నది దగ్గరకు వస్తారు. నిర్గమకాండంలో నైలు నది కథ మనకు తెలుసు. చేపలు చచ్చి నది కంపు కొట్టిన తర్వాతే అక్కడివాళ్లు తాగే నీటి కోసం ఒడ్డు తవ్వుకున్నారు. మనం కూడా ముక్కుకు తెలిసేదాకా ఆగుతున్నాం.

2024 మే 20 రాత్రి కేరళలో పెరియార్ నదిలో జరిగింది చూడండి. కొచ్చి దగ్గర ఏలూర్, ఎడయార్ పారిశ్రామిక వాడల పక్కన పాతాళం రెగ్యులేటర్ ఉంది. దాని షట్టర్లు ఎత్తాక దిగువన చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. నదిలో పంజరాలు కట్టి చేపలు పెంచుకుంటున్న కుటుంబాలు తెల్లారేసరికి తమ పంట పోగొట్టుకున్నాయి. షట్టర్ల వెనక నిలిచిపోయిన, ఆక్సిజన్ తగ్గిన నీళ్లు ఒక్కసారిగా దిగడమే కారణమని కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. నీళ్లలో అమ్మోనియా, సల్ఫైడ్ ప్రమాదకర స్థాయిలో ఉన్నాయని కేరళ మత్స్య, సముద్ర అధ్యయనాల విశ్వవిద్యాలయం చెప్పింది. నష్టపోయినవాళ్లకు ఈ రెండు మాటల మధ్య తేడా చిన్నది కాదు. మొదటిది నిజమైతే తప్పు నీటి నిర్వహణది. రెండోది నిజమైతే తప్పు నీళ్లలోకి విషం వదిలినవాళ్లది. నష్టపరిహారం ఎవరు కట్టాలన్నది దాని మీదే ఆధారపడుతుంది.

ఇలాంటి తగవు తేలాలంటే ఆ రాత్రి తీసిన నీళ్ల సీసాలొక్కటే చాలవు. అంతకు ముందు నెలల్లో, సంవత్సరాల్లో అక్కడి చేప మొప్పలు ఎలా ఉన్నాయి, కాలేయం ఎలా ఉంది, ఎన్ని పిల్లలు కనిపించాయి అన్న రికార్డు ఉండాలి. అప్పుడే ఒక రాత్రి ప్రమాదాన్నీ, ఏళ్ల తరబడి సాగిన జబ్బునూ వేరు చేసి చెప్పగలం.

ఇది కేరళ కథ మాత్రమే కాదు. హరిహర్ దిగువన తుంగభద్రలో 1980లలో చేపలు చచ్చినప్పుడు కర్ణాటకలోని నదీతీర గ్రామాలు ఆందోళనకు దిగాయి. ఆ తుంగభద్రే మంత్రాలయం, కర్నూలు మీదుగా సాగి కృష్ణలో కలుస్తుంది. చెన్నైకి ఉత్తరాన కొసస్థలైయార్ ఎన్నూరు దగ్గర సముద్రంలో కలిసేచోట, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదతో పాటు చమురు పరుచుకుంది. రూర్కెలా దగ్గర బ్రాహ్మణి, ముంబై వెనక ఉల్హాస్, యానాం పక్కన గౌతమి: మన పాఠకుల్లో చాలామంది ఏదో ఒక నది ఒడ్డున తరాలుగా ఉంటున్నవాళ్లే. మన ఇళ్లలో కొన్ని వల మీద బతికితే, కొన్ని ఆ కర్మాగారాల జీతం మీదే బతుకుతున్నాయి. ఈ మాట మరచిపోకుండానే ముందుకు వెళ్దాం.

నీళ్లు పరీక్షిస్తున్నారు కదా, చేప ఎందుకు అని కొందరు అడుగుతారు. నీళ్ల పరీక్ష అవసరమే. చేపలు పెరగడానికి తగిన నది అనిపించుకోవాలంటే లీటరు నీళ్లలో కనీసం 4 మిల్లీగ్రాముల కరిగిన ఆక్సిజన్ ఉండాలని, ఆమ్లగుణం, అమ్మోనియా ఇంతకు మించకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొలతలు పెట్టింది. అయితే సీసాలో పట్టిన నీళ్లు ఆ ఒక్క క్షణం సంగతే చెబుతాయి. మధ్యాహ్నం పదకొండింటికి వచ్చిన అధికారికి, రాత్రి రెండింటికి తెరిచిన గొట్టం సంగతి తెలియదు. చేప ఆ రాత్రి కూడా అక్కడే ఉంది. అది పీల్చింది, మింగింది, ఒంట్లో దాచుకుంది.

పైగా మనం వెతికిన పదార్థమే సీసాలో దొరుకుతుంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో, మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీళ్లను పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. మామూలు నీటి పరీక్షల పట్టికలో ఆ మందు పేరే ఉండదు కాబట్టి అలాంటివి ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా పోగలవు. ఆ ప్రాంతపు నీరు నక్కవాగు, మంజీర మీదుగా గోదావరి దారి పట్టేదే. పట్టికలో పేరు ఉన్నా లేకపోయినా, కలిసిన ప్రతిదాన్నీ భరించేది చేప శరీరం.

మరి చేప ఆరోగ్యాన్ని ఎలా చూస్తారు? ఇందులో అర్థంకానిది ఏమీ లేదు. ముందుగా ఎక్కువ దూరం వలసపోని చేపను ఎంచుకుంటారు. అడుగున బురదలో మేత వెతుక్కునే జెల్ల జాతి చేపలు ఇందుకు పనికొస్తాయి, ఎందుకంటే విషాలు ఎక్కువగా చేరేది బురదలోనే. కర్మాగారం గొట్టానికి ఎగువన కొన్ని, దిగువన కొన్ని, ఒకే కాలంలో, ఒకే రకం వలతో పడతారు. ఎగువ చేపలు లేకపోతే పోల్చి చూసేందుకు ఏమీ ఉండదు.

తర్వాత ప్రతి చేప పొడవు, బరువు కొలుస్తారు. పొలుసు మీదో, తలలో ఉండే చెవిరాయి మీదో కనిపించే వలయాలను బట్టి వయసు లెక్కిస్తారు. పైన పుండ్లు, గడ్డలు, చివికిన రెక్కలు, వంకర తిరిగిన వెన్ను ఉన్నాయేమో చూస్తారు. కోసి కాలేయాన్ని, గుడ్ల సంచిని తూకం వేస్తారు. ఒంట్లోకి వచ్చిన విషాన్ని విరగ్గొట్టే పని కాలేయానిది. పని పెరిగేకొద్దీ అది ఉబ్బుతుంది. గుడ్ల సంచి చిన్నదైతే వచ్చే ఏటి చేపలు తగ్గుతాయని అర్థం. మొప్ప ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే, ఆ చేప ఎలాంటి నీళ్లలో ఊపిరి తీసుకుందో తెలుస్తుంది.

ఇవన్నీ కలిపి చూడాలి. ఒక్క కొలత మోసం చేస్తుంది. కెనడాలో సుపీరియర్ సరస్సు తీరాన జాక్‌ఫిష్ బే అనే చోట, కాగితపు గుజ్జు మిల్లు వ్యర్థజలాలు కలిసే నీళ్లలో పట్టిన చేపలు కండపట్టి బాగానే కనిపించాయి. కోసి చూస్తే కాలేయాలు పెద్దవి, గుడ్ల సంచులు చిన్నవి. పైకి పుష్టిగా ఉన్న చేప లోపల సంతానం తగ్గి ఉంది.

ఇంకో హెచ్చరిక కూడా అవసరం. పుండు పడిన ప్రతి చేపకూ కర్మాగారమే కారణమని అనడం న్యాయం కాదు. 1988 నుంచి మన దేశంలో కొర్రమీను వంటి చేపలను పీడిస్తున్న పుండ్ల జబ్బు ఒకటుంది. బూజులాంటి ఒక క్రిమి వల్ల అది వస్తుంది, కర్మాగారం లేని చెరువుల్లోనూ వస్తుంది. సాక్ష్యం నిలబడాలంటే అబద్ధం కలవకూడదు. ఎగువను, దిగువను పోల్చి చూడాలని పట్టుబట్టేది అందుకే.

బ్రతికున్న చేప సాక్ష్యం ఎంత దూరం వెళ్తుందో అమెరికాలోని ఒక చిన్న నది చూపించింది. ఒహాయో రాష్ట్రంలో లొరైన్ పట్టణం దగ్గర బ్లాక్ రివర్ ఈరీ సరస్సులో కలుస్తుంది. దాని ఒడ్డున ఉక్కు కర్మాగారానికి కోక్ తయారుచేసే ప్లాంటు ఉండేది. బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు పుట్టే తారు లాంటి పదార్థాలు నది బురదలో పేరుకున్నాయి. ఆ పదార్థాల్లో కొన్ని క్యాన్సర్ కలిగిస్తాయి. 1980ల మొదట్లో పాల్ బౌమన్, జాన్ హార్ష్‌బార్గర్ అనే శాస్త్రవేత్తలు అక్కడి గోధుమరంగు జెల్లలను పట్టి పరీక్షించారు. పెద్ద వయసు చేపల్లో పెద్ద భాగానికి కాలేయ క్యాన్సర్ ఉంది. ఆ చేపలు చచ్చి తేలలేదు. ఈదుతున్నాయి, మేత తింటున్నాయి, గాలానికి పడుతున్నాయి.

1983లో కోక్ ప్లాంటు మూతపడింది. 1987లో మళ్లీ చూస్తే కాలేయ క్యాన్సర్ మునుపటి దాంట్లో దాదాపు నాలుగో వంతుకు తగ్గింది. 1989, 1990 సంవత్సరాల్లో విషపు బురదను తవ్వి తీశారు. తవ్వకంలో బురద కదిలి ఆ తర్వాత కొన్నేళ్లు క్యాన్సర్ మళ్లీ పెరిగింది. అదీ చేపల్లోనే బయటపడింది. 1994లో మూడేళ్ల వయసు చేపలను, అంటే శుభ్రం చేశాక పుట్టిన తరాన్ని, పరీక్షిస్తే కాలేయ క్యాన్సర్ కనిపించలేదు.

ఈ లెక్కల్లో మనకు రెండు సంగతులున్నాయి. నది దెబ్బతిన్నదని చెప్పినట్టే, నది కోలుకుంటోందని చెప్పిందీ చేపే. శుభ్రం చేశామని ఒక శాఖ చెబితే నమ్మడానికీ, నమ్మకపోవడానికీ జనం చేతిలో ఒక ఆధారం ఉంది. మన నదుల శుద్ధికి కోట్లు ఖర్చు పెట్టామని విన్నప్పుడల్లా మనం అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే. చేప ఏమంటోంది?

చేపను చూడాలంటే కర్మాగారాలు మూసేయాలనా? అక్కర్లేదు. కెనడా 1992 నుంచి కాగితపు గుజ్జు మిల్లులకు ఒక నియమం పెట్టింది. తమ నీళ్లు కలిసేచోట చేపలు ఎలా ఉన్నాయో మిల్లులే తమ ఖర్చుతో నిర్ణీత గడువుల్లో అధ్యయనం చేయించి ప్రభుత్వానికి నివేదిక ఇవ్వాలి. కాలేయం బరువులోనో గుడ్ల సంచి బరువులోనో 25 శాతం తేడా వచ్చినా, పొడవుకు తగ్గ బరువులో 10 శాతం తేడా వచ్చినా దాన్ని పట్టించుకోవలసిన తేడాగా లెక్కిస్తారు. నియమం పెట్టినంత మాత్రాన ఆ మిల్లులన్నీ మూతపడలేదు. చేపను చూడటం పనికి అడ్డు కాదని అర్థం. కర్మాగారంలో పనిచేసే మన అన్నదమ్ములను, నదిలో వల వేసే మన అన్నదమ్ముల మీదికి ఉసిగొల్పే మాటలు మనం నమ్మనక్కర్లేదు. విషం కలిసిన బురద ముందుగా తాకేది చాలాసార్లు లోపల పనిచేసే కార్మికుణ్ణే.

అయితే ఒక భయం ఉంది. దాన్ని తేలికగా తీసెయ్యలేం. నదిలో చేపలకు జబ్బు ఉందని పేపర్లో పడిన మర్నాడు నష్టపోయేది ఎవరు? గొట్టం యజమాని కాదు. బుట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో తిరిగే మన అక్కలు, అత్తలు. వాళ్ల చేప పక్క చెరువుదైనా కొనేవాళ్లుండరు. అందుకే చాలా ఊళ్లలో మత్స్యకారులే నోరు విప్పరు. వలలో గడ్డలున్న చేప పడితే తీసి పక్కన పారేసి, మంచివి బుట్టలో వేసుకుని వస్తారు. నిజం చెబితే పూట గడవదు, చెప్పకపోతే నది దక్కదు. ఈ ఇరుకులో వాళ్లను ఒంటరిగా వదిలిపెట్టి, సాక్ష్యం చెప్పండి అని అడగడం అన్యాయం.

కాబట్టి చేపల పరీక్ష అడిగేటప్పుడు దానితో పాటే ఇంకో రెండు అడగాలి. జబ్బు తేలినచోట పట్టు ఆపవలసి వస్తే, ఆ రోజులకు మత్స్యకార కుటుంబాలకు పరిహారం ముందే ఏర్పాటై ఉండాలి. అది కాలుష్యం చేసినవాళ్ల దగ్గర వసూలు కావాలి. చేప ఆరోగ్యం వేరు, ఆ చేప తినడానికి పనికొస్తుందా అన్నది వేరు అని కూడా జనానికి స్పష్టంగా చెప్పాలి. గడ్డ ఉన్న చేప కండలో విషం ఉండకపోవచ్చు. నిగనిగలాడే చేప కండలో పాదరసం ఉండవచ్చు. జపాన్‌లోని మినమాటా తీరంలో 1956లో బయటపడిన జబ్బు, ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషుల నరాలకు చేరడం వల్ల వచ్చింది. కంటికి కనిపించేదాన్ని బట్టి తినే సంగతి తేల్చలేం. రెండు పరీక్షలూ వేరువేరుగా జరగాలి, రెండు ఫలితాలూ వేరువేరుగా ప్రకటించాలి. ఏ చేప, ఏ చోటిది, ఎంత తినవచ్చు అని వివరంగా చెబితే ఊరి సంత మొత్తం మూతపడదు. గాలివార్తే సంతను మూసేస్తుంది.

ఇంత ఖర్చు ఎక్కడినుంచి వస్తుంది అన్న ప్రశ్నకు జవాబు కష్టం కాదు. తక్కెడ, కొలబద్ద, కత్తి, ఫార్మలిన్, సూక్ష్మదర్శిని డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విభాగాల్లో ఉంటాయి. కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ బరాక్‌పూర్‌లో ఉంది, బెంగళూరులో దాని కేంద్రం ఉంది. పెద్ద పరిశ్రమల గొట్టాలకు ఇరవైనాలుగు గంటలూ కొలిచే యంత్రాలు పెట్టించగలిగిన ప్రభుత్వానికి, ఏటా రెండుసార్లు చేపలు పట్టించి చూడటం పెద్ద భారం కాదు. కావలసింది తప్పనిసరి అన్న ఒక్క మాట.

ఇక మన సంగతి. సంఘంగా, యౌవన సహవాసాలుగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది సమాచారం అడగడం. సమాచార హక్కు చట్టం, 2005 కింద మీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు పెట్టండి. మీ నదిలోకి నీళ్లు వదులుతున్న పరిశ్రమలు ఏవి, వాటికిచ్చిన అనుమతి షరతులేమిటి, గత మూడేళ్లలో 96 గంటల చేప పరీక్ష ఎన్నిసార్లు జరిగింది, ఫలితాలేమిటి అని అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. జవాబు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో వస్తే మీలో ఆ బడిలో చదువుకున్నవాళ్లు పెద్దలకు తెలుగులో చదివి వినిపించండి. రెండు భాషలు తెలిసిన మన పిల్లలు ఇక్కడ నిజంగా పనికొస్తారు.

రెండోది నోటుపుస్తకం. పదేళ్ల కిందట ఎన్ని రకాల చేపలు పడేవి, ఇప్పుడు ఎన్ని పడుతున్నాయి, ఏ నెలలో చేప మొప్పలు పాలిపోతాయి, ఏ మలుపు దగ్గర కిరోసిన్ వాసన వస్తుంది అన్నది వల వేసే తాతకు తెలుసు. ఆయన చెబుతుంటే మీరు రాయండి. తేదీ, చోటు, చేప పేరు, పొడవు, బరువు, పుండ్లు ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని. లేనివాటి లెక్క చాలా ముఖ్యం. పది చేపల్లో రెండింటికి పుండ్లున్నాయా, వెయ్యిలో రెండింటికా అన్నది దాన్ని బట్టే తేలుతుంది. చేప పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీయండి. నెలకు ఒక్కసారైనా అదే చోట, అదే వలతో పడిన చేపలే రాయండి.

మూడోది సిద్ధంగా ఉండటం. చేపలు చచ్చి తేలిన రోజున మొదటి కొన్ని గంటలే విలువైనవి. అప్పుడే చచ్చినవాటిని, చావుబతుకుల్లో ఉన్నవాటిని ఐసులో పెట్టి ప్రయోగశాలకు చేర్చాలి. కాలేయం, మొప్పలు సూక్ష్మదర్శిని కింద చూడవలసినవైతే గడ్డకట్టించకూడదు, కణాలు పాడైపోతాయి. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, ఆ నీళ్లలోకి దిగవద్దు. ఎవరికి ఫోన్ చేయాలో, ఏ కళాశాల తలుపు తడితే తెరుస్తారో ఈరోజే తెలుసుకుని ఉంచండి.

యెహెజ్కేలు చూసిన దర్శనంలో నది బాగుపడిందనడానికి గుర్తు, ఒడ్డున వలలు ఆరవేసుకుంటున్న జాలరులు. వాళ్లకు మళ్లీ పని దొరకడంతోనే నది ఆరోగ్యం తెలిసింది. మన ప్రభుత్వ నివేదికల్లోనూ ఆ గుర్తుకు ఒక గడి ఉండాలని మనం అడుగుతున్నాం.

ఎండాకాలంలో నదులు సన్నబడతాయి. కలిపి పలచన చేసే నీరు తగ్గి, గొట్టం నీళ్ల పాలు పెరిగే రోజులవి. చేపకు అవే గడ్డురోజులు. మీ ఊరి నోటుపుస్తకం అంతకు ముందే మొదలు కావాలి. వేసవికి ముందు చేప ఎలా ఉందో రాసి ఉంటేనే, వేసవి తర్వాత ఏం జరిగిందో అడిగే హక్కు మన చేతిలో ఉంటుంది.